మూడు కిలోమీటర్ల బండి: కిక్ లేని స్కూటర్‌తో మూడేళ్లు

బండి ఎలా ఉంది అని ఎవరడిగినా మొదటి ఏడాదంతా నేను మాట్లాడేదాన్ని కాదు, చేసి చూపించేదాన్ని. తాళం తిప్పి, ఎడమచేతి బ్రేకు పట్టుకుని, బొటనవేలితో బటన్ అలా తాకి వదిలేసేదాన్ని. పాత స్కూటర్లలా కర్రుమని గీరుకోవడం ఉండదు. చూసేవాళ్లు ఇంకా చెవులు రిక్కించుకునే ఉండేవారు. "అయ్యిందా?" అంటే, "ఎప్పుడో అయ్యింది" అనేదాన్ని, ఆ ఇంజన్ నేనే చేసినంత గొప్పగా.

రెండో ఏడు సంక్రాంతి వెళ్లాక ఆ బటనే నన్ను సందు మధ్యలో నిలబెట్టింది. అందుకని ఇందులో సగానికి పైగా ఆ బటన్ గొడవే ఉంటుంది. సీసీలు, రంగులు, డిక్కీలో ఎన్ని హెల్మెట్లు పడతాయి లాంటివి కావాలంటే షోరూమ్ కాగితంలో ఉంటాయి.

నాది 2022 దసరాకి కొన్న బండి. బెజవాడ కదా, కొండ కింద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ తెచ్చుకున్నాం. నలభై ఒకటో ఏట మొదటి బండి నాకు. ఇల్లు సత్యనారాయణపురం. పని లెనిన్ సెంటర్ దగ్గర, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూడటం. దూరం మూడు కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆటోలోనే, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలా కిక్ రాడ్ తీసేసిన బండ్లు ఒక్కరివే కాదు, పైగా నా గొడవ కంపెనీతో కంటే నా దూరంతోనే ఎక్కువ.

కొనేటప్పుడు చివరికి రెండు మిగిలాయి. ఒకటి 110 సీసీ, కిక్ ఉంది. రెండోది 125, కిక్ లేదు, చప్పుడు లేని స్టార్టింగు, పైగా సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ దానంతటదే ఆగి, ఎక్స్‌లేటర్ తిప్పగానే లేచే ఐడిల్ స్టాప్. ధరలో తేడా పెద్దగా లేదు. రెండిటి మీదా కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాయి. నా ఎత్తుకి అదే పెద్ద పరీక్ష. మా మరిది మాత్రం "వదినా, కిక్ ఉన్నదే తీసుకోండి" అన్నాడు. చీర కట్టుకుని నేను కిక్ కొట్టేదేమిటి అన్నాను. షోరూమ్ కుర్రాడు నా వైపే మాట్లాడాడు. "మూడు కిలోమీటర్లే కదా మేడమ్, అసలు బండికి పనే ఉండదు."

ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

సంక్రాంతికి అవనిగడ్డ, మా పుట్టింటికి వెళ్లి తొమ్మిది రోజులున్నాం. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. జనవరి ఆఖరు, టీడీఎస్ రిటర్నులకి 31 గడువు, ఆఫీసులో ఫైళ్లు గుట్టలు. తాళం తిప్పితే మీటరు వెలిగింది. బటన్ నొక్కాను. లోపల ఎక్కడో చిన్నగా టిక్ మంది. ఇంకోసారి నొక్కితే మీటరులో అంకెలు మసకబారి, కళ్లముందే ఆరిపోయాయి. చప్పుడు లేకుండా లేచే బండి, చప్పుడు లేకుండానే పడుకుంది.

సందులో బండి ఆగితే మనుషులకి కొదవా? పాలబ్బాయి, ఇస్త్రీ బండి అతను, ఎదురింటి కుర్రాళ్లిద్దరూ చేరి తోయడం మొదలుపెట్టారు. నేను పైన కూర్చుని బటన్ నొక్కుతున్నాను. సందు చివరిదాకా వెళ్లాం, మళ్లీ వెనక్కి వచ్చాం. అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, అప్పటిదాకా చూసి చూసి "అమ్మాయ్, వాళ్ల ఓపిక పాడుచేయకు. ఇది గేరు బండి కాదు. చక్రం తిప్పితే ఇంజన్ తిరగదు దీనికి" అన్నారు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!

మా ఆయన మెకానిక్ కుర్రాణ్ని తీసుకొచ్చేసరికి తొమ్మిదిన్నర. కాళ్ల దగ్గర మ్యాటు తీసి, కింద మూత విప్పి, బ్యాటరీకి మీటరు వైర్లు తాకించాడు. 11.3 వోల్టులు అని చూపించింది. నిండుగా ఉంటే పన్నెండున్నర పైన ఉండాలట. తను తెచ్చిన ఇంకో బ్యాటరీ కలిపి బటన్ నొక్కితే ఎప్పట్లాగే, చప్పుడు లేకుండా లేచింది. సిగ్గులేని బండి.

"రోజూ ఎంత దూరం పోతారక్కా?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. అప్పుడు చెప్పిందే నాకు ఈ మూడేళ్లలో అందరికంటే ఎక్కువ పనికొచ్చింది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి ఒక్క గుక్కలో చాలా పోతుంది. అది తిరిగి నిండాలంటే ఇంజన్ కొంతసేపు బాగా తిరగాలి. నేను పది, పన్నెండు నిమిషాల్లో దిగిపోతాను. అందులో సగం సీతారాంపురం సిగ్నల్ లాంటి చోట్ల నిలబడటమే. హెడ్‌లైట్ ఆపుదామా అంటే 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకి ఆపే స్విచ్చే లేదు, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పట్టపగలైనా వెలగాల్సిందే. దీనికి తోడు సిగ్నల్లో ఐడిల్ స్టాప్ ఆపుతుంది, మళ్లీ లేపుతుంది. లెక్కలు చూసేదాన్ని కదా, నాకు ఒక్క ముక్కలో అర్థమైంది. రోజూ జమ కంటే ఖర్చే ఎక్కువ. పదిహేను నెలలు అలాగే నడిపించి, తొమ్మిది రోజులు ఖాతా ముట్టుకోకుండా ఊరెళ్లాను. బండి ఊరికే నిలబడ్డా బ్యాటరీ కాస్త కాస్త దిగుతూనే ఉంటుంది.

ఇంకొకటి అడిగాడు. "ఈమధ్య సిగ్నల్లో ఆగడం మానేసిందా?" నిజమే. డిసెంబరు నుంచే ఐడిల్ స్టాప్ పనిచేయడం లేదు. మామూలుగానే అది ఇంజన్ వేడెక్కితేగాని పనిచేయదు, నా దారిలో చివరి సిగ్నల్‌కి గాని మొదలయ్యేది కాదు. సరే, చలికాలం కదా అనుకుని వదిలేశాను. బ్యాటరీ బలహీనపడితే బండే దాన్ని ఆపేస్తుందట. అంటే నెల ముందే చెప్పింది, నేనే వినలేదు. కొత్తగా కొనేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఐడిల్ స్టాప్ ఉన్న బండి, వేడెక్కాక కూడా సిగ్నల్లో ఆగడం లేదంటే ముందు బ్యాటరీ చూపించండి.

సర్వీస్ సెంటరు వాళ్లు మాత్రం వేరే పాట పాడారు. బ్యాటరీలో లోపం లేదు, ఛార్జింగే లేదు, కాబట్టి వారంటీ రాదు. రెండొందలు పుచ్చుకుని ఛార్జింగ్ పెట్టి ఇచ్చారు. సరిగ్గా ఆరు వారాలు. మార్చిలో ఒక సాయంత్రం బంకులో పెట్రోలు పోయించుకున్నాను. సీటు ఎత్తక్కర్లేకుండా బయటే మూత ఉండటం ఈ బండిలో నాకు రెండో ముచ్చట. మూత పెట్టి, డబ్బులిచ్చి, బటన్ నొక్కితే టిక్. వెనక పది బండ్లు, ఆఫీసులు వదిలే వేళ, ఒకటే హారన్లు. దిగి పక్కకి తోసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయంటే అతిశయోక్తి కాదు. నా ముందే ఒక ముసలాయన పాత బండిని ఒక్క కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. ఆ టప్ అన్న శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ వారమే ఆటోనగర్ వెళ్లి కొత్త బ్యాటరీ వేయించాం. పదిహేను వందల చిల్లర.

కిక్ ఉంటే ఇదంతా తప్పేదా? కొన్నాళ్లు అలాగే నమ్మి, ఎవరు కనిపించినా "కిక్ లేని బండి కొనకండి" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆ మెకానిక్కే నన్ను కాస్త తగ్గించాడు. 2020లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక ఈ స్కూటర్లన్నీ కార్బొరేటర్ పోయి, పెట్రోలుని పంపుతో ఇంజన్‌లోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి వచ్చాయి. పెట్రోలు పంపు తిరగాలన్నా కాస్త కరెంటు కావాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే కిక్ ఆదుకుంటుంది, పూర్తిగా చచ్చిపోతే కిక్ ఉన్న బండి కూడా మొండికేయొచ్చు. కాబట్టి బంకు దగ్గర ఆ రోజు కిక్ కాపాడేదేమో, సంక్రాంతి తర్వాత పొద్దున్న మాత్రం చెప్పలేను. నా కోపం ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

కొత్త బ్యాటరీ వేశాక రెండు మార్పులు చేశాను. ఐడిల్ స్టాప్‌కి కుడివైపు స్విచ్ ఉంది, దాన్ని ఆపేశాను. ఆదివారం పొద్దున్నే బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాను. బ్యాటరీ కోసమే. రానుపోను పద్దెనిమిది కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా. మొదట్లో మందు వేసుకున్నట్టు వెళ్లేదాన్ని. ఎండాకాలం ఆరున్నరకి బ్యారేజీ మీద కృష్ణ గాలి తగులుతుంటే, ఇంట్లో ఎవరినీ రమ్మనకుండా ఒక్కదాన్నే వెళ్లడం అలవాటైంది. ఇది బండి గొప్పా, బండి లోపం గొప్పా అంటే నా దగ్గర జవాబు లేదు.

మైలేజీ గురించి మొదట్లో అందరికీ యాభై అని చెప్పాను. అది అవనిగడ్డ ఒకసారి బండి మీదే వెళ్లొచ్చినప్పటి లెక్క. రోజువారీ తిరుగుడులో నలభై దాటదు, ఇంజన్ వేడెక్కేలోపు ఆఫీసు వచ్చేస్తుంది మరి. ఒక వానాకాలం సర్వీసులో మెకానిక్ ఆయిల్ మూత తీసి లోపలివైపు చూపించాడు, మజ్జిగ నురగలా తెల్లగా అంటుకుని ఉంది. అదీ చిన్న దూరాల పుణ్యమే, లోపలి తేమ ఆరేంత వేడి ఎక్కదట. కిలోమీటర్లు చూసి కాదు, నెలలు లెక్కపెట్టి ఆయిల్ మార్పించమన్నాడు. మూడేళ్లకి 7,400 తిరిగింది నా బండి. వేరేవాళ్లకి అది ఏడాది తిరుగుడు. బండికి పనే ఉండదు అన్న కుర్రాడు అబద్ధం చెప్పలేదు, పని లేకపోవడమే రోగమని చెప్పలేదంతే.

మిగతావాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఎడమ బ్రేకు పడితే ముందు చక్రం కూడా పట్టుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకి నిజంగా ధైర్యం. పాతిక కిలోల బియ్యం బస్తా కాళ్ల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. ఎలక్ట్రిక్ కొనుంటే ఈ బాధే లేదు కదా అని మా మరిది ఇప్పుడంటున్నాడు. మేముండేది మేడమీద అద్దె పోర్షను, కింద ప్లగ్ పాయింటు లేదు, వైరు పైనుంచి వేలాడదీస్తే ఇంటివాళ్లు ఊరుకోరు.

కొనొచ్చా అంటే, రోజుకి పది కిలోమీటర్లు ఆగకుండా నడిపే దారైతే కొనండి, ఆ బటన్ సుఖం చెప్తే అర్థం కాదు. నాలాగా మూడు కిలోమీటర్లు, నాలుగు సిగ్నళ్లు, పండక్కి పది రోజులు ఊరు అయితే, కిక్ ఉన్న బండి వైపు ఇంకోసారి చూడండి. నేనే మళ్లీ కొనాల్సి వస్తే ఏం చేస్తానో ఖాయంగా చెప్పలేను. మోకాలు కూడా అప్పటిలా లేదు.

ఇప్పుడు నా లెక్క కూడా మారిపోయింది. పోయిన జూన్‌లో అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, లైసెన్సు వచ్చింది, కాలేజీ బెంజి సర్కిల్ దాటాక. నన్ను లెనిన్ సెంటర్లో దింపి తను వెళ్తుంది. బ్యాటరీ ఇప్పుడు భేషుగ్గా ఉంది. మొన్న సిగ్నల్లో ఇంజన్ టక్కున ఆగితే గుండె గుభేలుమంది. చూస్తే ఐడిల్ స్టాప్ స్విచ్ మళ్లీ వేసి పెట్టింది. "పెట్రోలు మిగులుతుందమ్మా" అంది. పచ్చలైటు పడింది, ఎక్స్‌లేటర్ తిప్పింది, లేచింది. నేను మాత్రం దిగేదాకా మీటరు వైపే చూస్తూ కూర్చున్నాను.