పుట్టిన బిడ్డకి మడమ రక్తపరీక్ష: తప్పక చేయించండి, రిపోర్ట్ వివరించే మనిషి ఉన్న ల్యాబ్‌లో

బాబు పుట్టాక ఆస్పత్రి ద్వారానే ఒక ప్రైవేట్ ల్యాబ్ వాళ్ల న్యూబోర్న్ స్క్రీనింగ్ తీసుకున్నాం, అంటే పైకి కనిపించని పుట్టుక లోపాల్ని ముందే పట్టే పరీక్ష. పరీక్షకి ఐదుకి ఐదు ఇస్తాను, ఆ ల్యాబ్ సర్వీస్‌కి మాత్రం రెండే.

శాంపిల్ తీయడం సులువు. బిడ్డ పుట్టి 48 గంటలు దాటాక మడమ మీద చిన్న సూది గుచ్చి, ఫిల్టర్ పేపర్ మీద కొన్ని రక్తపు చుక్కలు తీసుకున్నారు. కాసేపు ఏడ్చాడు, పాలు పడితే పడుకున్నాడు.

రిపోర్ట్‌లో జి6పిడి తక్కువని వచ్చింది, ఇంకో రక్తపరీక్షలో అదే ఖాయమైంది. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ అది. దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువ. లోపం పుట్టుకతోనే ఉంటుంది గానీ, చాలామందికి బయటి నుంచి ఏదో ఒకటి తగిలేదాకా ఏమీ కాదు. ఆ తగిలేవి ఏంటో వింటే నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే అన్నీ మన ఇళ్లల్లో ఉండేవే: పెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు, గోరింటాకు, మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ లాంటి కొన్ని మందులు. పుట్టిన బిడ్డకి పాత బట్టలు తొడగడం మనకి ఆనవాయితీ కదా, అవి కలరా ఉండల పెట్టెలోంచి తీసినవైతే ఇలాంటి బిడ్డకి రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరొచ్చు. మా ఇంట్లో ఆ రోజే ఉండలన్నీ తీసి పారేశాం. జీన్‌ని మార్చలేం, బీరువాని మార్చగలం.

ఈ రకం పరీక్షని 1960లలో అమెరికాలో డాక్టర్ రాబర్ట్ గత్రీ మొదలుపెట్టింది కూడా ఇలాంటి జబ్బు కోసమే. పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) అనే ఆ పుట్టుక జబ్బు ఉన్న పిల్లలు ఫినైలాలనిన్ అనే ప్రొటీన్ భాగాన్ని అరిగించుకోలేరు, మామూలు తిండే వాళ్ల మెదడుకి విషం అవుతుంది. మొదటి వారాల్లోనే కనిపెట్టి, ప్రత్యేకమైన పాలు, కొలిచి పెట్టే ఆహారం మొదలుపెడితే ఆ మెదడు చక్కగా ఎదుగుతుంది. మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో పీకేయూలో లాగా తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం కలిసొచ్చే అవకాశం ఎక్కువ, వాళ్లయితే అసలు ఆలోచించకుండా చేయించాలి.

ఇక ల్యాబ్ సంగతి. యాప్‌లో ఎర్ర అక్షరాలతో 'లో' (తక్కువ) అని పెట్టి వదిలేశారు. ఫోన్ చేస్తే డాక్టర్‌ని కలవమన్నారు, అంతే. పచ్చి బాలింతకి ఆ రాత్రి ఎంత టెన్షనో వాళ్లకి పట్టలేదు. కలరా ఉండలు, గోరింటాకు సంగతి మా పిల్లల డాక్టర్ చెప్పారు, ల్యాబ్ కాదు. పైగా బిడ్డ తెలివితేటలు, ఆటల్లో టాలెంట్ చెప్పే జీన్ ప్యాకేజీ కూడా తీసుకోమని వెంటపడ్డారు. దానికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. తెలివి ఒక ఎంజైమ్ లోపం లాంటిది కాదు, వేల జీన్లు తలా కాస్త, వాటితోపాటు తిండి, నిద్ర, బడి, ఇంట్లో మాటలు అన్నీ కలిస్తే వచ్చేది.

డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: రిపోర్ట్‌లో తేడా వస్తే మాకు ఎవరు ఫోన్ చేస్తారు, ఎన్ని గంటల్లో? సరిగ్గా జవాబు చెప్పకపోతే వేరే ల్యాబ్ చూసుకోండి, కానీ పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.