చుట్టుదారా, పొరుగుదేశం మీదుగా దారా?

కోల్‌కతా నుంచి ఉత్తర బెంగాల్‌కు, అస్సాంకు రైలు ఏ దారిన వెళ్లాలన్నది ప్రశ్న. 1947కు ముందు కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్లో రాత్రి డార్జిలింగ్ మెయిల్ ఎక్కితే, హార్డింజ్ వంతెన మీద పద్మా నది దాటి తెల్లవారేసరికి ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి చేరేవారు. సరిహద్దు గీయగానే ఆ దారి నడిమి భాగం తూర్పు పాకిస్థాన్‌కు పోయింది. అస్సాంకు భారత భూభాగం గుండా రైలుమార్గమే మిగల్లేదు.

అప్పుడు మన నేల మీదే కొత్త దారి వేశారు. బిహార్‌లోని కిషన్‌గంజ్ నుంచి అస్సాంలోని ఫకీరాగ్రామ్ వరకు, పాత లైన్ల ముక్కలను కలుపుతూ దాదాపు 229 కిలోమీటర్ల అస్సాం లింక్. తీస్తా, తోర్సా, సంకోశ్ నదులకు వంతెనలు కట్టి, 1948లో మొదలైన పనిని రెండేళ్లలో ముగించారు. 1950 జనవరి 26 నుంచి ప్రయాణికుల రైళ్లు నడిచాయి. అయితే గంగ అడ్డంగానే ఉంది. కోల్‌కతా నుంచి వచ్చేవారు గంగ ఒడ్డున సక్రిగలి ఘాట్‌లో రైలు దిగి, పెట్టెలు మోయించుకుంటూ స్టీమరెక్కి, అవతలి ఒడ్డున మణిహారి ఘాట్‌లో మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. చంటిపిల్లలతో, ముసలివారితో వెళ్లేవారి అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పొరుగుదేశం మీదుగా పాత దారి దగ్గర, ఖర్చూ తక్కువ. కానీ దాని తాళంచెవి మన చేతిలో లేదు. ఆ పాత దారిలో సరిహద్దు దాటే హల్దీబాడీ–చిలాహటి లైను 1965 యుద్ధంతో మూతపడి, 2020 డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. ఆ లైను మీద 2022లో మొదలైన రెండు దేశాల మధ్య రైలు మితాలీ ఎక్స్‌ప్రెస్ 2024 జులైలో బంగ్లాదేశ్ అల్లర్లతో ఆగిపోయింది.

అందుకే నా ఓటు చుట్టుదారికే. పాత దారినీ తెరవాలి, కానీ అదనంగా మాత్రమే. చుట్టుదారిలో ఇప్పుడా స్టీమరు అవస్థ లేదు: విజయవాడ, విశాఖ మీదుగా గువాహటి వెళ్లే రైళ్లు నేడు ఫరక్కా బ్యారేజీ మీదుగా గంగ దాటుతున్నాయి.