కుక్కల పులిపిర్లు రాలుస్తామని అమ్మే చుక్కల మందు కొనకండి

"పులిపిరైనా, కంతైనా వారంలో రాలిపోతుంది, డాక్టర్ దగ్గరికి తిరిగే పని లేదు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చుక్కల మందు మా కుక్కకు వాడాం. దయచేసి మీరెవరూ కొనకండి.

దానికి ఎనిమిదేళ్లు. తొడ మీద బఠాణీ గింజంత కంతి లేచింది. మందు వేసిన మర్నాటికి ఆ చోటు నల్లగా మాడి, చుట్టూ ఎర్రగా వాచిపోయింది. పాపం ఒకటే నాకుడు, మూలుగుడు. తర్వాత పెచ్చు ఊడింది. పైకి నయమైనట్టే ఉంది కానీ, వేలితో నొక్కితే అడుగున గట్టిగా తగిలింది. డాక్టర్ సన్నటి సూదితో కణాలు తీసి మైక్రోస్కోప్‌లో చూసి మాస్ట్ సెల్ ట్యూమర్ అన్నారు. కుక్కల చర్మానికి తరచుగా వచ్చే క్యాన్సర్ అది. మందు వల్ల పుండు పడి, గడ్డ అంచు ఎక్కడుందో తెలియక ఆపరేషన్‌లో ఇంకా వెడల్పుగా కోయాల్సి వచ్చింది.

సీసా మీద మాత్రం "సహజ మూలికలు" అని ఉంది. ఇలాంటివాటిలో జింక్ క్లోరైడ్, బ్లడ్‌రూట్ మొక్క సారం లాంటివి కలుపుతారు. అవి మంచి చర్మం, చెడ్డ చర్మం అని చూడవు, తగిలినంత మేర కాల్చేస్తాయి. పైన రాలిపోయినా లోపలిది పెరుగుతూనే ఉంటుంది. టీ ట్రీ నూనె కలిపినవీ ఉన్నాయి. అది ఒంట్లోకి పోతే కుక్కకు వణుకు, తూలుడు వస్తాయి. అమ్మినవాళ్లను నిలదీస్తే "మీరే ఎక్కువ వేశారు" అన్నారు. డబ్బు సంగతి వదిలేయండి, ఒక మూగజీవాన్ని అంత బాధపెట్టి ఆ మాట ఎలా అనగలిగారో!

కంతి కనబడగానే టెన్షన్ పడక్కర్లేదు. కుక్కపిల్లల నోటి చుట్టూ వచ్చే గరుకు పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. వయసు మళ్లిన కుక్కలకు చర్మం కింద మెత్తగా, కదులుతూ ఉండేవి ఎక్కువగా కొవ్వు గడ్డలే. అయితే మాస్ట్ సెల్ ట్యూమర్ కూడా అచ్చం అలాగే ఉండొచ్చు, చేత్తో తడిమి డాక్టరైనా తేల్చి చెప్పలేరు. సూది పరీక్షకు సాధారణంగా మత్తు కూడా అక్కర్లేదు.

కంతి 1 సెం.మీ. దాటినా, నెలైనా పోకపోయినా, రక్తం కారినా, రంగు మారినా చూపించండి. ఒకరోజు ఉబ్బి మర్నాడు తగ్గితే అస్సలు ఆలస్యం చేయొద్దు. తగ్గింది కదా అని చాలామంది ఊరుకుంటారు, కానీ మాస్ట్ సెల్ కణాల నుంచి హిస్టమిన్ అనే వాపు తెప్పించే రసాయనం విడుదలైనప్పుడు సరిగ్గా అలాగే జరుగుతుంది.

ఇప్పటికే ఆ మందు పూసి ఉంటే కుక్కను నాకనివ్వకండి, మెడకు కోన్ కాలర్ (నోరు పుండుకు అందకుండా ఆపే గరాటు లాంటి పట్టీ) తొడగండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్లండి, అందులో ఏముందో చూస్తేనే డాక్టర్‌కు ఏం చేయాలో తెలుస్తుంది.