ఏడేళ్లు వాడాక మా ఇంటి పిన్ బోర్డు గురించి: ఏ సరుకు నిలిచింది, ఏది పోయింది

మా ఇల్లు కాకినాడలో, సముద్రానికి దగ్గరగా. వంటగదికీ హాలుకీ మధ్య గోడ మీద నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తున్న పిన్ బోర్డు ఒకటుంది. కరెంటు బిల్లు, పిల్లల స్కూలు సర్క్యులర్లు, గ్యాస్ బుక్ చేసిన తేదీ, వీటన్నిటికంటే ముఖ్యంగా మా అత్తయ్యగారి మందుల చీటీ దాని మీద ఉంటాయి. ఆవిడకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాసి గుచ్చితే ఆవిడే చూసుకుని వేసుకుంటారు. ఆ చీటీ రాలి ఎక్కడో పడిపోతే ఆ రోజంతా టెన్షనే. బోర్డు విషయంలో నాకింత పట్టింపు అందుకే.

ఇది 2018 జూన్‌లో చేసింది. అంతకు ముందు చేసిన రెండూ పోయాయి.

మొదటిది థర్మకోల్‌తో చేశాను. అంగుళం మందం షీటు తెచ్చి, ప్లైవుడ్ ముక్కకు అంటిద్దామని చెప్పులు అతికించే పసుపు రంగు రబ్బరు జిగురు పూశాను. చూస్తూ ఉండగానే థర్మకోల్ కరిగి గుంటలు పడింది. ఆ రకం జిగురులో టొల్యూన్ లాంటి ద్రావకాలుంటాయి, థర్మకోల్ వాటికి ఆగదు. ఇంకో షీటు తెచ్చి తెల్ల ఫెవికాల్‌తో అంటించి, మీద పుస్తకాల దొంతర పెట్టి రెండు రోజులు ఉంచితే గానీ పట్టలేదు. పిన్ను దిగడం మాత్రం చాలా సుఖం. కానీ గుచ్చిన కన్నం మళ్లీ పూడదు. రోజూ వాడే చోట ఆర్నెల్లకల్లా జల్లెడలా అయింది. పిన్నులు వదులై నేల మీద రాలేవి. అప్పుడు మా చిన్నదానికి మూడేళ్లు, ఒకరోజు పిన్ను దాని అరికాల్లో దిగింది. ఆ సాయంత్రమే బోర్డు తీసేశాను. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మకోల్‌ను దేశమంతా నిషేధించారు కూడా. దాని ఊసు ఇక వద్దు.

రెండోది కార్కు. నాకు నిజంగా ఇష్టమైన సరుకు ఇదే. ఓక్ జాతి చెట్టు బెరడు నుంచి తీస్తారు, ప్రపంచంలో దొరికే కార్కులో సగం వరకు పోర్చుగల్‌దే. చెట్టుకు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు. తర్వాత తొమ్మిదేళ్లు ఆగి మళ్లీ ఒలుస్తారు, చెట్టును కొట్టరు. లోపల అంతా గాలి నిండిన సన్నటి గదులు. పిన్ను తీయగానే అవి మళ్లీ ఉబ్బి కన్నాన్ని చాలావరకు మూసేస్తాయి. ఇంత మంచి సరుకు మా ఇంట్లో ఎందుకు పనికి రాలేదంటే, నేను కొన్నది 3 మిల్లీమీటర్ల షీటు. స్టేషనరీ షాపులో చుట్ట చుట్టి అమ్మేది అదే. పుష్ పిన్ను సూది 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మూడు మిల్లీమీటర్లు దిగాక వెనక ప్లైవుడ్ తగిలి ఆగిపోయేది. బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కితే సూది వంగేది, నొక్కకపోతే కాగితం ఫ్యాను గాలికి ఎగిరిపోయేది. రెండు పొరలు వేద్దామంటే ఖర్చు రెండింతలు. పైగా చుట్ట విప్పిన వెంటనే అంటించడం వల్ల అంచులు లేచిపోయాయి. రెండు రోజులు గదిలో బరువు కింద పరిచి ఉంచాక అంటించాల్సిందని తర్వాత తెలిసింది. 10 మిల్లీమీటర్ల కార్కు కొనగలిగితే కళ్లు మూసుకుని కొనండి. మూడుది మాత్రం కొనకండి.

సరుకు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూడాల్సింది పిన్ను ఎంత లోతు దిగుతుంది, దిగాక ఏం తగులుతుంది అన్నది. రెండుసార్లూ దాన్ని వదిలేసి రంగు చూశాను, గుడ్డ చూశాను.

మూడోసారి మా వీధి వడ్రంగి మేస్త్రీగారిని అడిగాను. "సాఫ్ట్ బోర్డు వేసుకోండమ్మా, ఆఫీసుల్లో అదే వేస్తాం" అన్నారు. చెక్క పీచును గట్టిగా అదమకుండా తేలిగ్గా ఒత్తి చేసే బోర్డు ఇది. చూడ్డానికి అట్టలా, గోరు నొక్కితే దిగేలా ఉంటుంది. మేం తెచ్చింది 12 మిల్లీమీటర్లది. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటు, ప్లైవుడ్ షాపువాళ్లు సగం షీటు అమ్మం అన్నారు. మొత్తం షీటు కొని నాలుగు ముక్కలు కోయించాను. ఒకటి మాకు, ఒకటి అనంతపురంలో ఉన్న మా చెల్లికి, రెండు మా వీధి అంగన్‌వాడీకి.

పిన్ను చక్కగా మొత్తం దిగుతుంది, చేయి నొప్పి లేదు. ఒకే చోట వందసార్లు గుచ్చితే కన్నం వదులవుతుంది గానీ థర్మకోల్ అంత తొందరగా కాదు. బరువు మాత్రం మొయ్యదు. తాళాల గుత్తి తగిలిస్తే పిన్ను కిందికి జారి బోర్డు చీలుతుంది. తాళాల కోసం చెక్క ఫ్రేముకే స్క్రూ కొట్టించుకోవాలి.

దీని శత్రువు తేమ. మొదట నేను బోర్డును గోడకు ఆనించి బిగించేశాను. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను మా జిల్లా మీదుగానే తీరం దాటింది. గోడ తడిసి, నాలుగు రోజుల్లో బోర్డు కింది మూల ఉబ్బింది. బూజు వాసన కూడా వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మేస్త్రీగారు వచ్చి చూసి, "గోడకి ఆనిస్తే ఎలాగమ్మా, వెనక గాలాడాలి కదా" అన్నారు. సంక్రాంతికి ముందు ఉబ్బిన అంచు కోసేసి, వెనక వైపు, అంచులకు రెండు పూతలు ఆయిల్ పెయింటు వేసి, అర అంగుళం రీపర్లు (సన్న చెక్క పట్టీలు) కొట్టి మళ్లీ తగిలించారు. గోడకూ బోర్డుకూ మధ్య ఇప్పుడు వేలు దూరేంత సందు ఉంది. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చినా ఉబ్బలేదు. రెండు స్క్రూల మీద వేలాడేలా పెట్టించాను కాబట్టి ఏడాదికోసారి దించి, వెనక చెదలు ఉన్నాయేమో చూసి, దులిపి పెడతాను.

మా చెల్లి అదే షీటులోని ముక్కను అనంతపురంలో పెయింటు లేకుండా, రీపర్లు లేకుండా నేరుగా గోడకు కొట్టించుకుంది. ఈ రోజుకీ చెక్కు చెదరలేదు. అక్కడ వానే తక్కువ. కాబట్టి మీ ఊరి గాలి చూసుకుని నిర్ణయించుకోండి. మచిలీపట్నం, విశాఖ లాంటి తీరం ఊళ్లలో ఉంటే ఆ సందు తప్పనిసరి.

బోర్డు మీద కప్పే గుడ్డలు మూడు మార్చాను. వెల్వెట్ మొదటి రోజు బాగుంటుంది. తర్వాత దుమ్మంతా పట్టుకుంటుంది, పిన్ను తీసిన ప్రతిచోటా మచ్చ కనిపిస్తుంది. రెండోది పెడన కలంకారీ నూలు గుడ్డ. అంత అందమైన గుడ్డ మీద కాగితాలు పెట్టాలంటే మనసొప్పలేదు, పెట్టినా ఆ పువ్వుల మధ్య అత్తయ్యగారికి చీటీ కనిపించేది కాదు. దాన్ని దిండు గలీబులు కుట్టించాను. ఇప్పుడున్నది సాదా జనపనార గుడ్డ. నేత వదులుగా ఉంటుంది కాబట్టి పిన్ను పోగుల మధ్య నుంచి దిగుతుంది, తీశాక వేలితో రుద్దితే కన్నం మాయం. ఏ గుడ్డయినా ముందు ఒకసారి ఉతికి గంజి వదిలించండి. గంజి ఉంటే వెండిపురుగులు చేరతాయి. బోర్డు ముఖానికి జిగురు పూయకండి, ఎండాక గట్టిపడి పిన్ను దిగదు. గుడ్డను ఇస్త్రీ చేసి, మధ్య నుంచి చివరలకు లాగుతూ వెనక వైపు రెండంగుళాలకొకటి స్టేప్లర్ గన్‌తో పిన్ను కొడితే చాలు.

పిన్నుల మాట కూడా. మా దగ్గర ఉప్పు గాలికి ఇత్తడి పూత డ్రాయింగ్ పిన్నులు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరక చేస్తాయి. ప్లాస్టిక్ తల పుష్ పిన్నులు కాస్త నయం, అయినా దీపావళి వెళ్లాక పాతవి పారేసి కొత్త డబ్బా తెస్తాను. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే పిన్నులే వద్దంటాను. జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) ముక్కకు అంచులు మడిపించి రంగు వేయించి, అయస్కాంతాలతో కాగితాలు పెట్టుకోండి. రేకు కొనేటప్పుడు చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లి అంటించి చూడండి. అల్యూమినియంకు అది అంటదు, కొన్ని రకాల స్టీలుకూ అంటదు.

అంగన్‌వాడీకి ఇచ్చిన రెండు బోర్డులూ మొన్న చూసొచ్చాను. ఒకటి బాగానే ఉంది. కిటికీ పక్కనున్నది జల్లు తగిలి కింద ఉబ్బింది. వచ్చే ఆదివారం పెయింటు డబ్బా, రెండు రీపర్లు పట్టుకుని మేస్త్రీగారితో వెళ్తున్నాను.