నూటికి డెబ్బై అయిదు: చెన్నైలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగం

మాధవరంలో లారీ విడిభాగాల కొట్టు నాది. ఒక శుక్రవారం రాత్రి రెడ్‌హిల్స్ దగ్గర మా బావమరిది బైకును వ్యాను గుద్దింది. వాడికి 29 ఏళ్లు. దారిన పోయేవాళ్లు ఆటోలో ఎక్కించి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. మేం వెళ్లేసరికి అక్కడి డ్యూటీ డాక్టరు, ‘స్కోరు ఎనిమిది, ఆశ పెట్టుకోకండి’ అన్నాడు. దేని స్కోరు, ఎంతకు ఎనిమిది అని అడిగితే బదులు లేదు, ముందు డబ్బు కట్టమన్నారు. మా ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. 108కు ఫోను చేసి నగరంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేను రాస్తున్నది ఆ ఆసుపత్రి అత్యవసర విభాగం గురించి.

స్ట్రెచర్ లోపలికి వెళ్లీవెళ్లగానే ఎర్ర విభాగం అన్నారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఎరుపు, కాస్త ఆగగలిగినవాళ్లకు పసుపు, చిన్న దెబ్బలకు ఆకుపచ్చ. చీటీ రాయించుకు రమ్మని మమ్మల్ని ఎవరూ తిప్పలేదు. తిరుపతి నుంచి వచ్చిన నర్సు ఒకామె వాడి గోటి మొదట్లో పెన్ను పెట్టి నొక్కింది. వాడు కళ్లు కొద్దిగా తెరిచి, మూలిగి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ‘కళ్లకు రెండు, మాటకు రెండు, కదలికకు నాలుగు. అదే ఎనిమిది, అన్నా. పూర్తి తెలివిలో ఉన్న మనిషికి పదిహేను, ఏమీ లేకపోయినా మూడు’ అంది. 1974లో గ్లాస్గోలో ఇద్దరు వైద్యులు పెట్టిన కొలత అట. రెండు గంటలుగా నా గుండె మీద బండలా కూర్చున్న అంకెకు అర్థం అప్పుడు తెలిసింది.

రక్తపోటు 80, ఊపిరి నిమిషానికి 32. తలకు తగిలింది చిన్న దెబ్బేనని, కడుపులో రక్తం కారిపోయి మెదడుకు చాలక కూడా మగతగా ఉండవచ్చని డాక్టరు గారు అనుమానించారు. రక్తం ఎక్కిస్తూనే స్కానింగు చేయించారు. కడుపులో ఎడమ పక్కన ఉండి, జబ్బులతో పోరాడడానికి ఒంటికి సాయపడే ప్లీహం చిట్లింది, తొడ ఎముక విరిగింది.

ఆపరేషన్‌కు తీసుకెళ్లాక డాక్టరు గారు బయటకు వచ్చి మాతో పది నిమిషాలు మాట్లాడారు. బతుకుతాడా అని మా మామగారు అడిగారు. ఆమె కేసు షీటు వెనక లెక్క వేసి చూపించారు. ఒంటిని ఆరు భాగాలు చేసి, ఒక్కో దెబ్బకు ఒకటి నుంచి ఆరు వరకు అంకె ఇస్తారు. ఎక్కువ దెబ్బ తిన్న మూడు భాగాల అంకెలను దేన్ని దానితోనే గుణించి కూడుతారు. ప్లీహానికి 4, తొడకు 3, తలకు 2, అంటే 16, 9, 4 కలిపి 29. దానితో పాటు వచ్చినప్పటి తెలివి, రక్తపోటు, ఊపిరి, వయసు కూడా లెక్కలోకి తీసుకుంటే బతికే అవకాశం నూటికి 75 అని వచ్చింది. ఇవే దెబ్బలు 55 దాటినవారికి తగిలితే 35 దగ్గరకు పడిపోతుందట. మా మామగారికి 61. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు.

‘ఇలాంటి దెబ్బలతో వంద మంది వస్తే 75 మంది ఇంటికి వెళ్తారు. మిగతా పాతిక మందిలో మీ వాడు ఉన్నాడో లేడో ఇది చెప్పదు’ అన్నారు డాక్టరు గారు. అమెరికా ఆసుపత్రుల రోగులను బట్టి కట్టిన లెక్క కాబట్టి ఆలస్యంగా చేరే మనవాళ్లకు కొంత తగ్గించి చూడాలన్నారు. వైద్యం ఇవ్వాలా వద్దా అని దీన్ని చూసి తేల్చరట. బతకాల్సినవాళ్లు చనిపోతే తమ పనిలో ఎక్కడ లోపం జరిగిందో వెతుక్కోవడానికే ఎక్కువగా వాడతారట. ఆ మాటతోనే నాకు ఆ చోటు మీద నమ్మకం కుదిరింది.

లోపాలూ చెప్పాలి. వెంట వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు, ఆ రాత్రంతా మెట్ల మీదే గడిపాం. అంగీకార పత్రం తమిళంలోనే ఉంది. ఆ నర్సు చదివి చెప్పకపోతే మామగారు ఏమీ తెలియకుండానే సంతకం పెట్టేవారు. మరుగుదొడ్లు బాగా లేవు.

డబ్బు గురించి భయపడి ఎవరూ ఆలస్యం చేయకండి. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స ఉచితం, ఏ రాష్ట్రం వారైనా సరే. మా రేషను కార్డు నెల్లూరుది, ఎవరూ అడ్డు చెప్పలేదు. పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉన్నాయి, చేరగానే ఆ మాట అడగండి. వైద్యానికి అయిదుకు అయిదు, వసతులకు రెండు.

ఆదివారం మధ్యాహ్నం వాడు కళ్లు తెరిచి ‘బావా, బండి ఏమైంది?’ అన్నాడు. నర్సు షీటు మీద పదిహేను రాసింది. ప్లీహం తీసేశారు కాబట్టి న్యుమోనియా టీకాలు తప్పనిసరి అన్నారు. మొదటిది ఈ గురువారం.