కౌంటీ కోర్టు తీర్పు కాపీ కావాలా? పోర్టల్, కౌంటర్, పోస్టు: ఏది మేలు?

అమెరికాలో విడాకులు తీసుకున్నవాళ్లకు, అద్దె గొడవో బాకీ గొడవో కోర్టుదాకా వెళ్లినవాళ్లకు, ఎన్నో ఏళ్ల తర్వాత హఠాత్తుగా ఆ తీర్పు కాపీ అవసరం పడుతుంది. గ్రీన్ కార్డు ఫైలులో పెట్టాలి, లేదా ఇంటి లోనుకు బ్యాంకువాళ్లు డిక్రీ అడిగారు, లేదా హైదరాబాదులో లాయరు "ఒరిజినల్ సర్టిఫైడ్ కాపీ పంపండి" అన్నారు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని గూగుల్‌లో పేరు కొట్టి వెతకడం. పైన కనిపించే సైట్లలో చాలావరకు కోర్టువి కావు. అక్కడ కార్డు నంబరు ఇచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది.

కాపీ సంపాదించడానికి నికరంగా నాలుగు దారులున్నాయి: కోర్టు ఆన్‌లైన్ పోర్టల్, క్లర్కు ఆఫీసు కౌంటర్, పోస్టులో దరఖాస్తు, ప్రైవేటు సర్వీసు. వీటిలో ఏది మేలన్నది ఆ కాగితం చివరికి ఎవరి చేతికి వెళ్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇండియాలో ఏ ఆఫీసుకైనా, ఏ కోర్టుకైనా వెళ్లేదైతే మాత్రం నేను ఒక్కటే చెబుతాను: నేరుగా కోర్టు క్లర్కు దగ్గర నుంచి, ముద్ర వేసిన సర్టిఫైడ్ కాపీ, కాగితం మీద తీసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు ఏ ఆఫీసో తేల్చుకోండి

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌నే తీసుకుందాం. అక్కడ ఒకే కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దానిలో, ఇద్దరు క్లర్కులుంటారు. విడాకులు, పెద్ద సివిల్ దావాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. వీలునామా కేసులు, పెళ్లి లైసెన్సులు, ఆస్తి దస్తావేజులు కౌంటీ క్లర్కు దగ్గర. ఇల్లు ఖాళీ చేయించే కేసులు, 20,000 డాలర్ల లోపు చిన్న దావాలు జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుల్లో. కౌంటీ కోర్టు కదా అని విడాకుల డిక్రీ కోసం కౌంటీ క్లర్కుకు రాస్తే మా దగ్గర లేదనే జవాబు వస్తుంది. రికార్డే లేదేమోనని భయపడక్కర్లేదు, పక్క ఆఫీసులో ఉంటుంది.

ఊరి పేరు చూసి కౌంటీని ఊహించడం కూడా ప్రమాదమే. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో ఉంది, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. టెక్సస్‌లో విడాకుల కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరు ఆ రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. అందుకే కేసు ఏ కౌంటీలో నడిచిందో అప్పటి ఇంటి చిరునామా చెబుతుంది. అది తెలియకపోతే మెకిన్నీలోని కాలిన్ రికార్డులూ, డెంటన్ రికార్డులూ రెండూ వెతకాలి.

దివాలా కేసులు మాత్రం ఏ కౌంటీలోనూ దొరకవు. అవి ఫెడరల్ కోర్టువి. వాటికి పేసర్ అనే వేరే వ్యవస్థ ఉంది. పేజీకి 10 సెంట్లు, ఒక్కో డాక్యుమెంటుకు గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల్లో బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలు ఏమీ కట్టక్కర్లేదు.

పోర్టల్: వెతకడానికి మంచిది, అంతవరకే

ఆన్‌లైన్ పోర్టల్ నిజంగా ఉపయోగపడేది ఒక్క విషయంలో: కేసు నంబరు. అది చేతిలో ఉంటే మిగతా పని సగం అయినట్టే. కౌంటీల సొంత వెబ్‌సైట్లలో పేరుతో వెతకవచ్చు. టెక్సస్‌లోనైతే రాష్ట్రమంతటికీ కలిపి రీసెర్చ్ టీఎక్స్ అనే పోర్టల్ కూడా ఉంది.

మన పేర్లతోనే అసలు చిక్కు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, కోర్టు ఫైలులో ఒకలా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకు వీసాలో మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది, కోర్టు గుమస్తా దాన్నే పేరుగా ఎక్కించి ఉండొచ్చు. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మనకు తెలిసిందే. కాబట్టి మీ పేరుతో దొరక్కపోతే అవతలి పక్షం పేరుతో వెతకండి. ఇంటిపేరునూ అసలు పేరునూ తారుమారు చేసి చూడండి. మొదటి కొన్ని అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే చాలా పోర్టళ్లు మిగతాది కలుపుకుని చూపిస్తాయి.

కాలిఫోర్నియాలో పోర్టల్ మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. అక్కడి కోర్టు నిబంధన 2.503 ప్రకారం మామూలు సివిల్ కేసుల డాక్యుమెంట్లు ఇంటి నుంచి చూడొచ్చు గానీ, కుటుంబ కేసులవి బయటివాళ్లు అలా చూడలేరు. విడాకుల కేసులో ఏ రోజు ఏం ఫైలైందన్న జాబితా వరకు ఆన్‌లైన్‌లో దొరకవచ్చు. అసలు కాగితాలు చూడాలంటే చాలావరకు కోర్టుకే వెళ్లాలి. ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లకో సన్నీవేల్‌లో ఉండేవాళ్లకో ఇది చాదస్తంగా అనిపించవచ్చు. నాకు మాత్రం సరైన నిబంధన అనే అనిపిస్తుంది. హింస తట్టుకోలేక బయటపడిన ఒకావిడ పిల్లల వివరాలు, జీతం, చిరునామా బంధువులందరూ ఫోనులో చదువుకునేలా ఉండకూడదు కదా.

పోర్టల్ నుంచి దిగిన పీడీఎఫ్ దేనికి పనికొస్తుంది? మీరు చదువుకోవడానికి, లాయరుకు మెయిల్ చేయడానికి, ఇంటి లోను పనికి. అమెరికా ఇమ్మిగ్రేషన్ ఫైలులోనూ సాధారణంగా మామూలు ఫోటోకాపీ చాలు, ఒరిజినల్ చూపమని ప్రత్యేకంగా అడిగితే తప్ప. ఈ పనులకు సర్టిఫైడ్ కాపీ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

కౌంటరా, పోస్టా?

దగ్గర్లో ఉంటే కౌంటరే మేలు. ఫైలు కళ్ల ముందు చూసి, కావలసిన పేజీలు ఇవీ అని చూపించి తీసుకోవచ్చు. ఏ డాక్యుమెంటు అడగాలో తెలియనివాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. విడాకుల ఫైలులో పిటిషన్, నోటీసు, తాత్కాలిక ఆర్డర్లు, ఒప్పందం అన్నీ కలిసి పెద్ద కట్ట ఉంటుంది. అందులో మీకు కావలసింది ఒక్కటే. టెక్సస్‌లో దాని పేరు ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్. కాలిఫోర్నియాలో ఎఫ్ఎల్-180 నంబరు ఫారంతో ఉండే జడ్జిమెంట్, దానికి జతపరిచిన పేజీలతో సహా. ఆ ఫారంలోనే వివాహ బంధం ఏ తేదీన ముగిసిందో ఉంటుంది. రెండో పెళ్లికి ఆ తేదీయే ముఖ్యం.

ఇక్కడ మనవాళ్లు పడే మొహమాటం ఒకటుంది. మన కోర్టుల్లో కేసుతో సంబంధం లేనివాళ్లు కాపీ అడిగితే ఎందుకో కారణం చూపాలి. అమెరికా కౌంటీ కోర్టులో ఎవరికీ చూపకుండా జడ్జి సీలు చేసిన రికార్డులు, చట్టం రహస్యంగా ఉంచినవి తప్ప మిగతావి ఎవరైనా అడగవచ్చు, ఎందుకని అడగరు. ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్లకు ఇది పెద్ద ఊరట. డాలస్‌లో ఉన్న స్నేహితుణ్ణి పంపితే చాలు, దానికి పవర్ ఆఫ్ అటార్నీ రాయాల్సిన పని లేదు.

వేరే రాష్ట్రానికి మారిపోయి, అక్కడ తెలిసినవాళ్లు లేకపోతే పోస్టు. నెమ్మదిగా జరుగుతుంది కానీ నమ్మకమైనది. ఉత్తరంలో కేసు నంబరు, రెండు పక్షాల పూర్తి పేర్లు, తీర్పు వచ్చిన ఏడాది, డాక్యుమెంటు పేరు, ఎన్ని కాపీలు, మామూలువా సర్టిఫైడా అన్నది రాయాలి. మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచేయాలి. పర్సనల్ చెక్కు తీసుకోని ఆఫీసులుంటాయి, మనీ ఆర్డరు క్షేమం. ఎన్ని పేజీలో తెలియనప్పుడు, ఇంత మొత్తానికి మించకూడదని రాసిన చెక్కును కాలిఫోర్నియాలో చాలా కోర్టులు తీసుకుంటాయి. కేసు నంబరు రాయకపోతే మాత్రం ఆలస్యంతో పాటు ఖర్చూ పెరుగుతుంది. కాలిఫోర్నియా కోర్టు ఉద్యోగి పది నిమిషాలకు మించి వెతకాల్సి వస్తే 15 డాలర్లు అదనం.

ఫీజులు రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో కాగితం మీద కాపీకి పేజీకి 1 డాలరు లెక్క. వాషింగ్టన్ రాష్ట్రంలో, అంటే బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఉన్న కింగ్ కౌంటీలో, సర్టిఫైడ్ కాపీ మొదటి పేజీకి 5 డాలర్లు, తర్వాత పేజీకి ఒకటి చొప్పున. 20 పేజీల డిక్రీకి 24 డాలర్లు. కాలిఫోర్నియాలో కాపీ పేజీకి అర డాలరే, కానీ సర్టిఫికేషన్‌కు విడాకుల తీర్పుకైతే 15 డాలర్లు, మిగతా సివిల్ తీర్పులకు 40. ఎలా చూసినా, ప్రైవేటు సర్వీసుకు కట్టే ముందు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి. వాళ్లూ చివరికి ఇదే క్లర్కు దగ్గర నుంచి ఇదే కాపీ తేవాలి. మనిషి వెళ్లలేని దూరం, గడువు ముంచుకొచ్చిన పని అయితే ఆ ఊరి లాయరు ఆఫీసుకో, కోర్టు పనులు చూసే మనిషికో డబ్బిచ్చి పంపించడంలో అర్థముంది. పేరు కొడితే రికార్డులన్నీ చూపిస్తామనే సైట్ల దగ్గర సర్టిఫైడ్ కాపీ దొరకదు.

రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి తెచ్చుకోవచ్చని కూడా కొందరు చెబుతారు. టెక్సస్‌లో అక్కడ దొరికేది 1968 నుంచి జరిగిన విడాకులకు ఒక ధ్రువీకరణ లేఖ మాత్రమే, 20 డాలర్లకు. విడాకులు నమోదయ్యాయని అది చెబుతుంది, డిక్రీకి బదులు పనికిరాదు. కాలిఫోర్నియా శాఖ దగ్గరైతే 1962 నుంచి 1984 జూన్ వరకే ఉన్నాయి.

ఇండియాకు వెళ్లే కాపీ

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసు ఉంది. భర్త 1980లో అమెరికాలోని మిసోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకుల డిక్రీ పొంది, తర్వాత మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ద్వివివాహం కేసు పెట్టింది. మేజిస్ట్రేటు ఆ డిక్రీ ఫోటోస్టాట్ కాపీని చూసి నిందితులను వదిలేశారు. వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది, 1991 జూలై 9న తీర్పు వచ్చింది. విదేశీ విడాకులు మన దగ్గర ఎప్పుడు చెల్లుతాయన్నదానికి ఆ తీర్పును ఇప్పటికీ చెబుతారు. అందులో కాపీ గురించి చెప్పిన మాట మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ కాపీని సెయింట్ లూయిస్ డిప్యూటీ క్లర్కు సర్టిఫై చేశాడు, ఫోటోస్టాట్ అయినంత మాత్రాన అది పనికిరాకుండా పోదు అన్నది కోర్టు. అయితే అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి దాన్ని ధ్రువీకరించలేదు కాబట్టి సాక్ష్యంగా తీసుకోలేమన్నది. ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 86 అది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 88వ సెక్షన్.

అంటే క్లర్కు ముద్ర ఒక్కటే చాలలేదు. ముద్ర కూడా లేని పోర్టల్ ప్రింటవుట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అపోస్టిల్ అంటే ఒక దేశపు కాగితం మరో దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ పత్రం. 2005లో ఇండియా ఆ ఒప్పందంలో చేరాక ఈ రెండో మెట్టుకు చాలా పనుల్లో అపోస్టిల్ వాడుతున్నారు. మీ లాయరుకు అపోస్టిల్ చాలా, కాన్సులేట్ ముద్ర కూడా కావాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. అలాగే, కాపీ పక్కాగా ఉన్నంత మాత్రాన ఆ విడాకులు ఇండియాలో చెల్లుతాయని కాదు. అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద వేరే ప్రశ్న.

అపోస్టిల్ ఇచ్చేది తీర్పు వచ్చిన రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. టెక్సస్ డిక్రీ అయితే ఆస్టిన్‌కు పంపాలి, మీరు ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నా సరే. టెక్సస్‌లో ఒక్కో డాక్యుమెంటుకు 15 డాలర్లు, కాలిఫోర్నియాలో 20. ఇంట్లో ఉన్న పాత ఫోటోకాపీ మీద నోటరీ చేయించి పంపితే ఈ పని జరగదు. కోర్టు రికార్డును సర్టిఫై చేసే అధికారం టెక్సస్ నోటరీకి లేదు, క్లర్కుకే ఉంది. క్లర్కు దగ్గర కొత్తగా తీసుకునేటప్పుడే రెండు సర్టిఫైడ్ కాపీలు అడగండి. ఒకటి అపోస్టిల్‌కు వెళ్తుంది, ఇండియాలో ఫైలులో పెట్టాక తిరిగి రాదు. రెండోది మీ దగ్గర ఉంటుంది.