పతకమా, బ్యాడ్జీనా, యూనిఫామా: బ్రిటిష్ సైనిక వస్తువుల సేకరణ దేనితో మొదలుపెట్టాలి?

బ్రిటిష్ సైన్యపు పాత వస్తువులు కూడబెట్టాలనుకునేవారికి ప్రధానంగా మూడు దారులున్నాయి: పతకాలు, టోపీ బ్యాడ్జీలు, యూనిఫాములు. మూడింటినీ ఒకేసారి ఎత్తుకుంటే డబ్బు చాలదు, నకిలీని పట్టే కన్నూ అలవడదు. ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు సైనికుడి పేరు గుద్దిన మొదటి ప్రపంచ యుద్ధంనాటి పతకానికే. ఆ పతకం ఎవరిదో దాని అంచు మీదే రాసి ఉంటుంది. బ్యాడ్జీకి ఆ భాగ్యం లేదు. యూనిఫాముకు ఎప్పుడో గానీ దక్కదు.

1914–18 యుద్ధంలో విదేశీ యుద్ధరంగంలో పనిచేసిన మామూలు సైనికుడికి బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ వచ్చేవి. తొలి రెండేళ్లలోనే వెళ్లినవాడైతే వీటికి తోడు 1914 స్టార్ గానీ, 1914–15 స్టార్ గానీ ఉంటుంది. వార్ మెడల్ వెండిది, వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఇవి దాదాపు 65 లక్షలు ఇచ్చారు కాబట్టి దొరకడం కష్టం కాదు. విక్టరీ మెడల్ కంచుది. ఈ రెంటికీ వివరాలు అంచు మీద గుద్ది ఉంటాయి, స్టార్‌కు మాత్రం వెనకవైపు. సైనికుడి నంబరు, హోదా, పొడి అక్షరాలు, ఇంటిపేరు, రెజిమెంట్ అనే వరసలో చదువుకోవాలి.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ తడబడే విషయాలు రెండున్నాయి. సైన్యాధికారుల వార్ మెడల్, విక్టరీ మెడల్ మీద హోదా, పేరు తప్ప సాధారణంగా రెజిమెంట్ ఉండదు. అది లేదని నకిలీ అనుకుని వదిలేయకండి. రెండోది, అంచు మీద కనిపించే రెజిమెంట్ అతను మొదట విదేశానికి వెళ్లినప్పటిది. తర్వాత మెషీన్ గన్ కోర్‌కు మారి అక్కడే చనిపోయినా పతకం మీద పాత పేరే ఉండొచ్చు.

పేరు దొరికాక అసలు పని మొదలవుతుంది. లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 372 అనే వరసలో పతకాల సూచిక కార్డులున్నాయి, ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. సైనికుల సర్వీసు కాగితాల్లో సుమారు 60 శాతం 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి. కాబట్టి ఆ కాగితాలు దొరకనంత మాత్రాన మనిషే లేడనుకోకూడదు, ముందు కార్డు చూడాలి. స్మిత్, జోన్స్ లాంటి పేర్లయితే నంబరే ఆధారం. నంబరు చదవలేనంతగా అరిగిపోయిన పతకం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.

పతకాల్లో పెద్ద మోసం పేరు మార్చడం. పాత పేరును ఆకురాయితో అరగదీసి, గిరాకీ ఉన్న రెజిమెంట్ పేరో, 1916 జూలై 1న సోమ్ యుద్ధంలో చనిపోయినవాడి పేరో కొడతారు. అరగదీస్తే లోహం తగ్గక తప్పదు. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగైదు చోట్ల వ్యాసం కొలవండి. 36 మిల్లీమీటర్లకు స్పష్టంగా తక్కువ వచ్చినా, ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా వచ్చినా పక్కన పెట్టేయండి. అక్షరాలను పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూసి, అంచు నున్నగా అద్దంలా ఉందా, దాని మీద అడ్డగీతలున్నాయా గమనించాలి, ఏది కనిపించినా అరగదీశారేమోనని అనుమానించాలి.

జత విడిపోయిన పతకాలు మరో సమస్య. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశానికంటినప్పుడు ఎన్నో వార్ మెడల్స్ కరిగిపోయాయి. అందుకే ఒంటరి విక్టరీ మెడల్స్ అంత విరివిగా కనిపిస్తాయి. ఒకే మనిషివి రెండూ కలిసి దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. 

రెండో ప్రపంచ యుద్ధం పతకాలతో మొదలుపెట్టమని మాత్రం చెప్పం. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన ఆ స్టార్ల మీద పేరు వేయలేదు. చిరునామా రాసిన అట్టపెట్టె, లోపలి చీటీ లేకపోతే అవి ఎవరివో తేలదు, పైగా కొత్తగా పోతపోసినవి సంతల నిండా ఉన్నాయి. భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద మాత్రం పేర్లు వేసేవారు. మన దేశంలో వెతికేవారికి ఇది కలిసొచ్చే సంగతి.

ఇక బ్యాడ్జీలు. ఒక్క పతకం పెట్టే డబ్బుకు మామూలు రెజిమెంట్ల బ్యాడ్జీలు చాలానే వస్తాయి, ఒక చిన్న పెట్టెలో వంద పట్టేస్తాయి. సైన్యపు చరిత్రంతా బొమ్మల్లో కనిపిస్తుంది: లెస్టర్‌షైర్ రెజిమెంట్‌కు 'హిందుస్థాన్' అని రాసిన పులి, ఫ్యుసిలియర్లనే కాల్బలాలకు మంటలు కక్కే గ్రెనేడ్. ఐర్లండ్‌కు చెందిన రాయల్ మన్‌స్టర్ ఫ్యుసిలియర్స్ గ్రెనేడ్ మీదా పులే ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ దళం నుంచి వచ్చిన రెజిమెంట్ అది. 1758లో గొల్లప్రోలు దగ్గర జరిగిన చందుర్తి యుద్ధం, మరుసటేడు మచిలీపట్నం ముట్టడి దాని యుద్ధగౌరవాల్లో, అంటే రెజిమెంట్ గర్వంగా చెప్పుకునే యుద్ధాల జాబితాలో ఉన్నాయి. 1922లో రెజిమెంట్‌ను రద్దు చేశారు. తెలుగువాడు బ్యాడ్జీలు సేకరిస్తే మొదట వెతకాల్సింది ఇదేనని మా అభిప్రాయం.

బ్యాడ్జీ వయసును కిరీటం పట్టిస్తుంది. 1901 వరకు విక్టోరియా కిరీటం, ఆ తర్వాత 1950ల మొదలు దాకా 'కింగ్స్ క్రౌన్', ఆపైన రాణి ఎలిజబెత్‌నాటి సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. లోహం కూడా చెబుతుంది. 1916లో పొదుపు కోసం రెండు లోహాల బ్యాడ్జీలను పూర్తి ఇత్తడితో చేశారు. 1942 నుంచి ప్లాస్టిక్‌వి వచ్చాయి, 1950ల నుంచి మెరిసే అల్యూమినియంవి. వెనక టోపీలోకి దూర్చే నిలువు పట్టీని స్లైడర్ అంటారు. విక్టోరియా కిరీటం, స్లైడర్ ఒకే బ్యాడ్జీకి కనిపిస్తే అనుమానించాలి, స్లైడర్లు ఆమె కాలం తర్వాతే వ్యాపించాయి.

అయితే నకిలీల బెడద బ్యాడ్జీలకే ఎక్కువ. పాత అచ్చులతోనే కొత్తగా కొట్టినవి లెక్కలేనన్ని. స్లైడర్ మీద ప్రసిద్ధ తయారీదారు జె.ఆర్. గాంట్ ముద్ర ఉందని నమ్మడానికి లేదు, నకిలీల మీద కొట్టేదీ ఆ ముద్రే. వెనక్కి తిప్పి చూడండి. అచ్చుతో కొట్టిన అసలుదానికి ముందున్న బొమ్మ వెనక గుంటలుగా తేటగా కనిపిస్తుంది. పోత పోసినదానికి వెనక చదునుగానో, చిన్న చిన్న రంధ్రాలతోనో ఉంటుంది. కోత పెట్టిన ఖాళీల అంచులు పదునుగా ఉండాలి. అరుగుదల ఎత్తైన చోట్లే ఉండాలి, అంతటా ఒకే తీరున అరిగితే అది యంత్రం పని. ఎస్.ఏ.ఎస్. అనే ప్రత్యేక దళానివి, రద్దయిన ఐరిష్ రెజిమెంట్లవి తెలియని అమ్మకందారు దగ్గర కొనకండి.

యూనిఫాము అందం వేరు. ఒక మనిషి ఒంటి కొలత, చెమట మరక, కుట్టు మార్చుకున్న తీరు అన్నీ అందులో ఉంటాయి. కానీ చోటు, శ్రమ రెండూ అడుగుతుంది. బ్యాటిల్‌డ్రెస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంనాటి బ్రిటిష్ సైనికుడి ఉన్ని దుస్తులు. దాని 1937 నమూనా జాకెట్‌లో బొత్తాలు కనిపించవు, జేబులకు మడతలుంటాయి. 1940 నమూనాలో పొదుపు కోసం మడతలు తీసేసి బొత్తాలు పైకే పెట్టారు. 1949 నమూనా కాలర్ తెరుచుకుని ఉంటుంది. ఈ చివరిదాన్ని మార్చి యుద్ధకాలపుదిగా అమ్మేవాళ్లున్నారు, అందుకే లోపలి లేబుల్ మీద సంవత్సరం, ప్రభుత్వ ఆస్తి అని తెలిపే బాణం గుర్తు చూడాలి. లేబుల్ లేనిదానికి సగం ధరకు మించి పెట్టకండి. భుజం బ్యాడ్జీలను చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చితో చూడండి. తెల్లగా వెలిగే దారం యుద్ధం తర్వాతి కాలపుదయ్యే అవకాశం ఎక్కువ. బ్యాడ్జీ కింద గుడ్డ రంగు చుట్టుపక్కల రంగంత వెలిసిపోయి ఉంటే ఆ బ్యాడ్జీ ఈమధ్య కుట్టినదే.

ఉన్నికి పురుగే యముడు. కొన్న బట్టను ఇంట్లో మిగతావాటితో కలపకముందే పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజు సంచి విప్పొద్దు, విప్పితే చల్లటి గుడ్డ మీద నీరు పడుతుంది. తర్వాత దళసరి హ్యాంగర్‌కు వేలాడదీసి, ఉతికిన నూలుగుడ్డ తొడగాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం బూజు పట్టకుండా చూడటం నిజంగా కష్టం. ఏసీ గదో, గాలిలో తేమ లాగే యంత్రమో లేనివాళ్లు యూనిఫాముల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పతకాలకూ బ్యాడ్జీలకూ కావలసిన జాగ్రత్త తక్కువే. చింతపండు, పీతాంబరి, బ్రాసో ఏవీ వాడకండి. తోమిన పతకం అక్షరాలు పోతాయి, ధరా పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచితే లోహానికి పచ్చటి జిగురు పడుతుంది, రబ్బరు బ్యాండు వేస్తే వెండి నల్లబడుతుంది. యాసిడ్ లేని కాగితం, గట్టి పాలిస్టర్ కవర్, సిలికా జెల్ పొట్లం చాలు.

మన దేశంలో ఉండి సేకరించేవారు చట్టం కూడా చూసుకోవాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులు పురావస్తువుల కిందికి రావొచ్చు, వాటిని సొంతంగా విదేశానికి పంపకూడదు. మొదటి యుద్ధం పతకాలు ఇప్పుడు ఆ వయసు దాటేశాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో తాతముత్తాతల పతకాలున్న కుటుంబాలకు లండన్ వేలంలో ఇంత వస్తుందని ఎవరైనా ఆశపెడితే, పోస్టులో వేసే ముందు పురావస్తు శాఖ కార్యాలయంలో అడగండి. అమ్మినా అమ్మకపోయినా అంచు చుట్టూ నాలుగు ఫొటోలు తీసి, నంబరు, పేరు, దళం ఒక కాగితం మీద రాసి పతకంతోనే ఉంచండి.